క్రాసింగ్ చేయించే ముందు

ఇంట్లో ఆడ లాబ్రడార్ ఉంటే ఈ మాటలు వినక తప్పదు. "ఒక్క ఈతైనా పడకపోతే దానికి జబ్బు చేస్తుందండీ" అంటారు పక్కింటివాళ్లు. "మావాడితో క్రాసింగ్ చేయించండి, ఒక పిల్లను మాకిస్తే చాలు" అంటారు పార్కులో మగకుక్కను తిప్పుకునే ఆయన. పిల్ల ఎంతకు పోతుందో, ఎనిమిది పుడితే మొత్తం ఎంతవుతుందో చుట్టాలు భోజనాల దగ్గరే లెక్క కట్టేస్తారు. పుట్టబోయే ఆ ఎనిమిదింటి ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు.

జాతి కుక్కపిల్ల హాయిగా బతుకుతుందా, పదేళ్లు మూలుగుతూ ఈడుస్తుందా అన్నది చాలావరకు దాన్ని పుట్టించిన ఇంట్లోనే తేలిపోతుంది. మొదట తల్లినీ తండ్రినీ ఎంచుకున్నప్పుడు, ఆ తర్వాత మొదటి ఎనిమిది వారాల్లో. ఈ రెండూ కొనేవాళ్ల చేతిలో లేవు, మీ చేతిలో ఉన్నాయి. పూచీ కూడా మీదే.

పక్కింటివాళ్ల మాట సంగతి ముందు చూద్దాం. పిల్లలు పుట్టకపోతే ఆడకుక్కకు జబ్బు చేస్తుందన్నది నిజం కాదు. వయసు మళ్లిన ఆడకుక్కలకు గర్భసంచిలో చీము పట్టే జబ్బు రావడం మాత్రం నిజం, అది ప్రాణం మీదకు తెస్తుంది కూడా. దాన్ని తప్పించాలంటే చేయాల్సింది ఆపరేషన్, అంటే గర్భసంచి తీయించడం. ఒకసారి పిల్లల్ని పెట్టించినంత మాత్రాన అది రాకుండా పోదు. మీరు క్రాసింగ్ గురించి ఆలోచిస్తున్నది కుక్క ఆరోగ్యం కోసమే అయితే, ఇక ఆ ఆలోచన మానేసి డాక్టరు దగ్గర ఆపరేషన్‌కు తేదీ తీసుకోండి.

డబ్బు కోసమైతే ఇంకో మాట. ఎక్స్-రేలు, రక్తపరీక్షలు, జన్యుపరీక్షలు, మగకుక్కవాళ్లకు ఇచ్చేది, రెండు నెలల పాటు తల్లికీ పిల్లలకీ తిండి, ప్రతి పిల్లకూ నులిపురుగుల మందు, టీకాలు. కాన్పు కష్టమైతే అర్ధరాత్రి సిజేరియన్. ఇవన్నీ సక్రమంగా చేసినవాళ్లకు ఒక్క ఈతతో మిగిలేది పెద్దగా ఉండదు. బాగా మిగిలిందంటే వీటిలో ఏదో ఒకటి ఎగ్గొట్టారన్నమాటే.

అయినా చేయాలనే ఉందా? మీ కుక్క నిజంగా మంచిది, దాని గుణం ఇంకో తరానికి అందాలి అని మనస్ఫూర్తిగా అనిపిస్తోందా? అయితే ముందుకు వెళదాం.

ముందు చట్టం. కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్ర ప్రభుత్వం 2017లో నియమాలు తెచ్చింది. అమ్మకానికి పిల్లల్ని పుట్టించేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు చేయించుకోవాలి. 18 నెలలు నిండని కుక్కను క్రాసింగ్‌కు వాడకూడదు. ఆడకుక్కకు 8 ఏళ్లు దాటాక పిల్లల్ని పెట్టించకూడదు, జీవితం మొత్తంలో ఐదు ఈతలు మించకూడదు. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఇవి కనీస హద్దులు మాత్రమే. చట్టం 18 నెలలంటే, లాబ్రడార్ విషయంలో నేను రెండేళ్లు ఆగమంటాను. దానికి కారణం తుంటి.

తుంటి, కళ్లు, గుణం

లాబ్రడార్‌కు ప్రధానమైన ముప్పు హిప్ డిస్ప్లేసియా. తొడ ఎముక తల తుంటి గిన్నెలో గట్టిగా కూర్చోకుండా వదులుగా ఆడుతుంది. ఆడినకొద్దీ ఎముక అరుగుతుంది, కీలు వాస్తుంది. పిల్ల పరిగెత్తేటప్పుడు వెనక కాళ్లు రెండూ కలిపి గెంతుతుంది, మెట్లెక్కడానికి మొరాయిస్తుంది, కూర్చున్నది లేవడానికి అవస్థ పడుతుంది. కొన్న ఇంట్లోవాళ్లు బద్ధకమనుకుంటారు. తుంటి కీలు ఎలా ఉందో పైకి చూసి చెప్పలేం. మత్తిచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు చాపి తీసిన ఎక్స్-రేలోనే తెలుస్తుంది. అమెరికాలో తుంటికి గ్రేడు ఇచ్చే సంస్థ కుక్కకు 24 నెలలు నిండితేగానీ తుది గ్రేడు ఇవ్వదు. నేను రెండేళ్లనడం అందుకే.

ఇంకో చిక్కుంది. ఈ జబ్బుకు ఒక్క జన్యువు కారణం కాదు, చాలా జన్యువులు కలిసి తెచ్చేది. తల్లీతండ్రీ ఇద్దరికీ తుంటి బాగున్నా పిల్లల్లో ఒకదానికి రావచ్చు. కాబట్టి ఆ రెండింటి ఎక్స్-రేలతో సరిపెట్టుకోకుండా వాటి తోబుట్టువుల సంగతి, వాటిని కన్నవాటి సంగతి కూడా ఆరా తీయాలి. పెళ్లి సంబంధానికి అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు తవ్వే మనకు ఆరా తీయడం ఒకరు నేర్పాల్సిన పని కాదు.

కళ్ల జబ్బు తీరు వేరు. ప్రోగ్రెసివ్ రెటినల్ ఆట్రఫీలో రెటీనా మెల్లమెల్లగా క్షీణించి కుక్కకు చూపు పోతుంది. మొదట రాత్రిపూట చూపు తగ్గుతుంది. కరెంటు పోయినప్పుడు మెట్ల దగ్గర ఆగిపోతుంది, చీకట్లో కుర్చీకి గుద్దుకుంటుంది. లాబ్రడార్లలో సాధారణంగా కనిపించే రకం నడివయసులో గానీ బయటపడదు. అప్పటికే ఆ కుక్క రెండు మూడు ఈతలు పెట్టేసి ఉండవచ్చు. ఇది ఒకే జన్యువుతో వచ్చే జబ్బు, పైగా రెండు వైపుల నుంచీ చెడ్డ జన్యువు అందితేనే వస్తుంది. ఒకవైపు నుంచి మాత్రమే అందిన కుక్క ఆరోగ్యంగా ఉంటుంది, కానీ మోసుకుతిరుగుతుంది. అలా మోసే రెంటిని కలిపితే సగటున నాలుగో వంతు పిల్లలు గుడ్డివవుతాయి, సగం పిల్లలు జన్యువును మోసేవవుతాయి. మోసేదాన్ని, అసలు ఆ జన్యువే లేనిదాన్ని కలిపితే ఒక్క పిల్లకూ ఆ జబ్బు రాదు. ఇదంతా ముందే తెలుసుకోవడానికి దవడ లోపలి నుంచి తీసిన నమూనాతోనో, కొద్దిపాటి రక్తంతోనో జన్యుపరీక్ష చేయిస్తే చాలు. లాబ్రడార్లలో బాగా పరిగెత్తాక వెనక కాళ్లు పట్టు తప్పి కూలిపోయే మరో జబ్బు ఉంది, దానికీ ఇదే లెక్క, ఇదే పరీక్ష. ఇంత తేలిగ్గా తప్పించగలిగినదాన్ని తప్పించకపోవడం నా దృష్టిలో క్షమించరానిది.

"మా కుక్కకు కేసీఐ పేపర్లున్నాయి" అన్న మాట దగ్గర చాలామంది ఆగిపోతారు. చెన్నై కేంద్రంగా పనిచేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే ఆ కాగితం కుక్క వంశం చెబుతుంది. అది అవసరమే. దాన్ని చూస్తేనే రెండు కుక్కలకూ తాతముత్తాతలు ఒక్కరేనా అన్నది తెలుస్తుంది. తుంటి ఎలా ఉందో, కళ్లు ఎలా ఉన్నాయో మాత్రం అందులో ఉండదు. ఊళ్లో షోలు గెలిచిన ఒకే మగకుక్క దగ్గరికి అందరూ వరస కట్టినా నష్టమే. నాలుగేళ్లు తిరిగేసరికి ఆ ఊరి లాబ్రడార్లన్నీ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లే అవుతాయి. దానిలో దాగి ఉన్న లోపం ప్రతి ఇంటికీ చేరుతుంది.

రంగు మోజు గురించి కూడా ఒక మాట. ఆస్ట్రేలియా పరిశోధకులు బ్రిటన్‌లోని లాబ్రడార్ల వైద్య రికార్డులు పరిశీలించి 2018లో ఫలితాలు ప్రకటించారు. నలుపు, పసుపు లాబ్రడార్ల మధ్యస్థ ఆయుర్దాయం 12.1 ఏళ్లుంటే చాక్లెట్ రంగువాటిది 10.7 ఏళ్లే ఉంది. చర్మం, చెవుల జబ్బులు కూడా వాటికే ఎక్కువ. ఆ రంగు కోసమని ఉన్న కొద్దిపాటి కుక్కల్నే మళ్లీ మళ్లీ కలపడం ఇందుకు కారణం కావచ్చని వాళ్లు భావించారు. "అరుదైన రంగు, రేటు రెట్టింపు" అని ఎవరైనా మగకుక్కను చూపిస్తే రంగు సంగతి పక్కన పెట్టి ఎక్స్-రే అడగండి.

ఇక గుణం. గ్యాస్ సిలిండర్ తెచ్చినతన్ని చూసి మంచం కిందికి దూరే కుక్కను, పిల్లాడు పళ్లెం దగ్గరికి వస్తే గుర్రుమనే కుక్కను తల్లిని చేయకండి. పిరికితనం కొంత నెత్తురులో వస్తుంది, మిగిలింది ఆ తల్లిని చూసి పిల్లలు నేర్చుకుంటాయి.

కలిపే రోజు, కనే రోజు

కుక్క ఎదకు వచ్చిన తొలి రోజుల్లోనే డాక్టరుకు చూపించండి. బ్రూసెల్లా పరీక్ష రెండు కుక్కలకీ చేయించాలి. అది గర్భాలు పోగొట్టే జబ్బు, మనుషులకూ అంటుతుంది. రోజులు లెక్కపెట్టి కలపడం కంటే ప్రొజెస్టిరాన్ పరీక్షతో సరైన రోజు పట్టుకోవడం నమ్మకమైన దారి. కలిశాక రెండూ పావుగంటో అరగంటో అతుక్కుని ఉంటాయి. విడదీయాలని నీళ్లు కొట్టడం, లాగడం చేస్తే రెండింటికీ గాయాలవుతాయి, వాటంతట అవే విడిపోవాలి. మగకుక్క యజమానికి డబ్బా, పిల్లా, పిల్లయితే ఎన్నో ఎంపికలో, ఒక్క పిల్లే పుడితే ఏం చేయాలో ముందే కాగితం మీద రాసుకోండి. ఈ ఒక్క విషయంలో స్నేహాలు తెగిపోతుంటాయి.

దాదాపు 63 రోజులకు ఈనుతుంది. మొదటి ఐదారు వారాలు తిండి పెద్దగా పెంచనక్కర్లేదు, చివరి మూడు వారాల్లో మెల్లగా పెంచాలి. మనవాళ్లు ప్రేమ కొద్దీ చేసే పొరపాటు కాల్షియం టానిక్. కడుపుతో ఉన్నప్పుడు విడిగా కాల్షియం పోస్తే, ఎముకల నుంచి దాన్ని తీసుకునే పని శరీరం తగ్గించేసుకుంటుంది. తీరా పాలిచ్చే రోజుల్లో ఒక్కసారిగా అవసరం పెరిగితే అందదు. తల్లి వణుకుతూ, కొయ్యబారి, ఫిట్స్ దాకా వెళుతుంది. మంచి నాణ్యత గల కుక్కపిల్లల ఆహారం పెడుతుంటే వేరే టానిక్ అక్కర్లేదు. 55వ రోజు దాటాక ఎక్స్-రే తీయిస్తే కడుపులో ఎన్ని ఉన్నాయో లెక్క తెలుస్తుంది. కాన్పు రోజున ఆ లెక్కే మీకు ఆధారం. ఏడు ఉండాల్సిన చోట ఆరు పుట్టి తల్లి పడుకుందంటే ఏడోది లోపలే ఉందని మీకు తెలియాలి కదా.

చివరి వారంలో రోజుకు రెండుసార్లు తల్లి టెంపరేచర్ చూడండి. మామూలుగా 101 ఫారెన్‌హీట్ దాకా ఉండేది 99 కంటే కిందికి పడితే ఒక్కరోజులో నొప్పులు మొదలవుతాయి. గట్టిగా ముక్కుతూ అరగంటైనా పిల్ల రాకపోయినా, లోపల ఇంకా పిల్లలుండగా రెండు గంటలు గడిచినా, మొదటి పిల్ల కంటే ముందే ఆకుపచ్చని స్రావం కనిపించినా ఆలోచించకుండా బండి తీయండి. రాత్రిపూట తెరిచి ఉండే వెటర్నరీ ఆస్పత్రి ఎక్కడుందో, ఎంతసేపటి దారో నెల ముందే కనుక్కుని ఉంచుకోవాలి. జిల్లా కేంద్రానికి దూరంగా ఉన్న ఊళ్లలో ఇది మరీ ముఖ్యం.

కాన్పు పెట్టెకు నాలుగు పక్కలా లోపల గోడకు కాస్త ఎడంగా చెక్క పట్టీలు బిగించండి. తల్లి గోడకు ఒరిగి పడుకున్నప్పుడు ఆ సందులో ఉన్న పిల్ల నలగకుండా బతికిపోతుంది. పాత చీరలు పరవకండి, దారాలు పిల్లల కాళ్లకు చుట్టుకుంటాయి. మందపాటి దుప్పట్లే మేలు.

పుట్టిన పిల్లకు కళ్లు కనపడవు, చెవులు వినపడవు, ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడం చేతకాదు, తల్లి నాకితే తప్ప మూత్రం కూడా పోయలేదు. మొదటి వారం పిల్లలున్న చోట 29 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి. కోస్తాలో ఎండాకాలం దీనికి మీరేమీ చేయనక్కర్లేదు, పైగా తల్లికి వడదెబ్బ తగలకుండా చూసుకోవాలి. ఆదిలాబాద్ జనవరి రాత్రుల్లో మాత్రం పెట్టెకు ఒక మూలన బల్బు వేలాడదీయాలి. ఒక్క మూలనే సుమా. వేడెక్కిన పిల్ల చల్లని వైపు పాక్కుంటూ పోవడానికి చోటుండాలి.

ప్రతి పిల్ల మెడకూ ఒక్కో రంగు ఊలు దారం వదులుగా కట్టి, రోజూ ఒకే వేళకు వంటింటి త్రాసు మీద తూచి నోటుబుక్కులో రాయండి. లాబ్రడార్ పిల్ల పుట్టినప్పుడు దాదాపు 400 గ్రాములుంటుంది. 8 నుంచి 10 రోజుల్లో రెట్టింపు కావాలి. అన్నీ బొద్దుగా కనిపిస్తున్నా ఎర్ర దారంది నిన్న 430, ఇవాళ 425 ఉందనుకోండి. కంటికి తెలియని తేడా అది. దాన్ని చేతిలోకి తీసుకుంటే కాళ్లు చల్లగా తగులుతాయి. మిగతావి గుట్టగా పడుకుంటే ఇది విడిగా ఉంటుంది, సన్నగా ఆగకుండా ఏడుస్తుంది. ఇక్కడ అందరూ చేసేది గబగబా పాలు పట్టడం. చల్లబడిన పిల్లకు పేగులు కదలవు, పట్టిన పాలు లోపల అలాగే ఉండిపోతాయి, ఊపిరితిత్తుల్లోకీ పోతాయి. ముందు ఒంటికి హత్తుకుని మెల్లగా వెచ్చబరచాలి, డాక్టరుకు ఫోన్ చేయాలి, ఆ తర్వాతే పాలు. ఆ పాలు ఆవుపాలు కాకూడదు. కుక్కపాలలో మాంసకృత్తులు, కొవ్వు ఆవుపాలకు రెట్టింపు కంటే ఎక్కువ. మందుల షాపుల్లో కుక్కపిల్లల పాలపొడి దొరుకుతుంది, ఒక డబ్బా ముందే తెచ్చి ఉంచండి. మొదటి రోజు ముర్రుపాలు ప్రతి పిల్లకూ అందాయా లేదా అన్నది మీరు దగ్గరుండి చూడాల్సిన విషయం.

పిల్లలు పుట్టకముందే నులిపురుగులు తల్లి నుంచి వాటికి చేరతాయి కాబట్టి రెండో వారం నుంచి ఎనిమిదో వారం దాకా రెండేసి వారాలకు మందు పడాలి. తల్లికీ డాక్టరు చెప్పినట్టు వేయాలి. మొదటి టీకా ఆరు, ఎనిమిది వారాల మధ్య. పిల్లల్ని చూడడానికి వచ్చేవాళ్లను చెప్పులు గేటు బయటే విడిచి, చేతులు కడుక్కుని రమ్మనండి. పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతికి ఉంటుంది. దానికి ఫినాయిల్ చాలదు, బ్లీచింగ్ నీళ్లతో కడగాలి.

మూడో వారం తర్వాత

ఈ అధ్యాయంలో మీరు ఒక్క పేజీయే గుర్తుంచుకుంటారంటే అది ఈ పేజీ కావాలని నా కోరిక. అమెరికాలోని జాక్సన్ లాబొరేటరీలో స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కుక్కపిల్లల్ని పరిశీలించి 1965లో పుస్తకం వేశారు. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా పిల్ల దేన్ని చూస్తే దాన్ని తన లోకంలో భాగమనుకుంటుంది. ఆ తర్వాత కొత్తది ఏదైనా భయమే. అంటే ఆ కాలంలో సగానికి పైగా మీ ఇంట్లోనే గడుస్తుంది. మేడ మీద గదిలో తాళం వేసి, పూటకోసారి పెరుగన్నం పెట్టి పెంచే పిల్లలు ఎంత ఖరీదైన వంశానివైనా పిరికివే అవుతాయి.

మూడో వారం దాటగానే పెట్టెను ఇంటి మధ్యకు తెండి. కుక్కర్ కూత వినాలి, మిక్సీ మోత వినాలి. హెల్మెట్ పెట్టుకున్న మనిషిని, చేతికర్రతో నడిచే తాతగారిని, గొడుగును, చీపురును చూడాలి. వినాయక చవితి డప్పులు, దీపావళి టపాకాయల మోత ఫోన్‌లో చిన్న సౌండుతో పెట్టి, తినేటప్పుడు వినిపించండి. వారం వారం కొంచెం పెంచండి. ఉలిక్కిపడితే తగ్గించండి. రోజూ ఒక్కో పిల్లను విడిగా ఒళ్లోకి తీసుకుని చెవులు, పళ్లు, గోళ్లు ముట్టుకోండి. రేపు డాక్టరు బల్ల మీద అది కరవకుండా నిలబడుతుందంటే ఇదే కారణం. నున్నటి గ్రానైట్ నేల మీద మాత్రం ఆడనివ్వకండి. కాళ్లు జారి ఎడంగా పోతూ ఉంటే తుంటి కీళ్లకు చేటు. రబ్బరు చాపలు పరవండి.

"ఆరు వారాలకే ఇచ్చేయండి, చిన్నప్పుడైతే ముద్దుగా ఉంటుంది" అని ఒత్తిడి చేసేవాళ్లుంటారు. ఇవ్వకండి. ఎంత గట్టిగా కరిస్తే ఆట ఆగిపోతుందో పిల్ల తోబుట్టువుల దగ్గరే నేర్చుకుంటుంది. ఆ పాఠం మధ్యలో లాక్కెళ్లిన పిల్ల కొత్త ఇంట్లో పిల్లల చేతుల మీద నేర్చుకుంటుంది.

ఎవరికి ఇవ్వాలి

డబ్బు చేతిలో పట్టుకుని వచ్చినవాళ్లను కూర్చోబెట్టి అడగండి. ఇల్లు సొంతమా, అద్దెదా? అద్దెదైతే ఓనరు ఒప్పుకున్నారా? పగలంతా ఇంట్లో ఎవరుంటారు? సంక్రాంతికి ఊరెళితే కుక్క ఎక్కడుంటుంది? ఇంట్లో పెద్దావిడకు ఇష్టమేనా? కుర్రాడి పుట్టినరోజుకు కానుకగా అంటే సున్నితంగా కాదనండి. కాపలాకని గేటుకు కట్టేసి ఉంచుతామన్నా ఇవ్వకండి, లాబ్రడార్ మనుషుల మధ్య బతికే కుక్క. ఆ కట్టు తాడు దగ్గరే అది చెడిపోతుంది.

తిండి గురించి గట్టిగా చెప్పి పంపండి. అమెరికాలో 48 లాబ్రడార్ల మీద వాటి జీవితాంతం సాగిన పరిశీలన ఫలితాలు 2002లో వచ్చాయి. ఒకే ఈత పిల్లల్ని జతలుగా విడదీసి, జతలో ఒకదానికి రెండోదాని కంటే 25 శాతం తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్లు, ఎక్కువ తిన్నవాటిది 11.2 ఏళ్లు. కీళ్ల నొప్పులు కూడా తక్కువ తిన్నవాటికి ఆలస్యంగా వచ్చాయి. లాబ్రడార్ ఎప్పుడూ ఆకలి మొహం పెట్టి చూస్తుంది. ఆకలిని పెంచే ఒక జన్యులోపం లాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతులో ఉందని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు తేల్చారు. ఆ చూపుకు కరిగిపోయి పెట్టే ప్రతి బిస్కెట్టూ దాని తుంటి మీద పడే బరువే.

టీకాల కార్డు, నులిపురుగుల మందు వేసిన తేదీలు, తల్లిదండ్రుల పరీక్షల నకళ్లు, ఇప్పటిదాకా తిన్న తిండే పది రోజులకు సరిపడా, తల్లి పక్కబట్ట ముక్క ఒకటి ఇచ్చి పంపండి. రేబిస్ టీకా మూడు నెలలకు వేయించాలని, టీకాల వరస 16 వారాలు దాటేదాకా ఆగకూడదని రాసివ్వండి. ఒప్పందంలో ఒక్క షరతు తప్పకుండా ఉండాలి: ఎప్పుడైనా, ఏ కారణంతోనైనా పెంచలేకపోతే కుక్క మీ దగ్గరికే తిరిగి రావాలి. బదిలీలు, విడాకులు, అమెరికా వీసాలు, ఏదైనా సరే. మన నగరాల్లో జంతు సంరక్షణ కేంద్రాలకు జాతి కుక్కలు వచ్చి చేరుతున్నాయంటే వాటిని పుట్టించినవాళ్లు ఈ షరతు పెట్టకపోవడం వల్ల, పెట్టినా ఫోన్ ఎత్తకపోవడం వల్ల. ఎనిమిదింటిలో ఒక్కటి తిరిగొచ్చినా ఉంచుకునే చోటు, ఓపిక మీ ఇంట్లో లేకపోతే క్రాసింగ్ దాకా పోకండి.

పిల్లలు వెళ్లిపోయాక తల్లి కొన్నాళ్లు వెతుకుతుంది. తిండి తగ్గిస్తే పాలు ఆరిపోతాయి. రెండు మూడు నెలలకు బొచ్చు గుత్తులుగా ఊడుతుంది, కంగారు పడకండి, మళ్లీ వస్తుంది. తర్వాతి ఎదకు దాన్ని కలపకండి. ఇక వద్దనుకుంటే పాలు పూర్తిగా ఆరాక ఆపరేషన్ చేయించండి.

పని ఇంకా మిగిలే ఉంది. పిల్లలకు రెండేళ్లు నిండినప్పుడు ప్రతి ఇంటికీ ఫోన్ చేసి తుంటి ఎక్స్-రే తీయించమని అడగండి, అవసరమైతే ఖర్చులో కొంత మీరే పెట్టుకోండి. ఏ దారం రంగు పిల్లకు ఏ ఫలితం వచ్చిందో ఆ పాత నోటుబుక్కులోనే రాయండి. రెండింటికి తుంటి చెడ్డదని తేలితే ఆ జతను మళ్లీ కలపకండి. మగకుక్క యజమానికి కూడా ఆ ఎక్స్-రేలు పంపండి, ఆయన దాన్ని ఇంకో ఇంటికి తీసుకెళ్లేలోపే.